సీజను ఇల్లు

పద్మారాణి చేతికి ఆ ఇంటి తాళంచెవులు మూడుసార్లు వచ్చాయి. మొదటిసారి ఊడ్చి తుడవడానికి, రెండోసారి కాపురం ఉండటానికి, మూడోసారి మళ్ళీ ఊడ్చి తుడవడానికే. మధ్యలో ఆ ఒక్క ఏడాది ఏం జరిగిందో చెప్పుకుంటే తప్ప, డిసెంబరు చలిలో ఫ్యాను తిరగడం చూసి ఆమె చీపురు కింద పడేసి మెట్ల దాకా ఎందుకు పరుగెత్తిందో ఎవరికీ అర్థం కాదు.

ముందు ఆ ఇంటి సంగతి. సూరత్‌లో అడాజన్ వైపు, తాపీ నది కనబడే చోట ఐదంతస్తుల బిల్డింగు. అందులో సగం ఇళ్ళకు ఏడాదిలో చాలా నెలలు తాళాలే. దీపావళి దాటిందంటే లండన్ నుంచి, లెస్టర్ నుంచి, అమెరికా నుంచి గుజరాతీ కుటుంబాలు దిగుతాయి. వాళ్ళ పెళ్ళిళ్ళు ఇక్కడే, చీరలు నగలు కొనడం ఇక్కడే, పళ్ళు కట్టించుకోవడం కూడా ఇక్కడే. సంక్రాంతికి, అక్కడ ఉత్తరాయణ్ అంటారు, గాలిపటాలు ఎగరేసి ఫిబ్రవరిలో విమానం ఎక్కుతారు. ఆ మూడు నెలలకు వాళ్ళిచ్చే కిరాయి ఊరివాడు ఏడాదంతా ఇచ్చేదానికంటే ఎక్కువ. అందుకని ఓనర్లు ఊరివాళ్ళకు ఇల్లిచ్చేటప్పుడే చెప్పేస్తారు, దసరా దాకా ఉండండి, ఆ తర్వాత ఖాళీ చెయ్యండి అని. దసరా రోజుల్లో ఆ వీధులు చూడాలి. గర్బా ఆడేవాళ్ళ పక్కనుంచే టెంపోల్లో మంచాలు, గ్యాసు సిలిండర్లు, పిల్లల సైకిళ్ళు తరలిపోతుంటాయి. ఓనర్లను తిట్టి లాభం లేదు, గోడలు వాళ్ళవి.

పద్మారాణికి చాలాకాలం ఈ గొడవతో సంబంధం లేదు. ఆమెది ఊరికి ఇంకో పక్క, లింబాయత్‌లో ఒకటే ఖోలీ. గది అనడానికి మనసొప్పదు గానీ అక్కడ అందరూ అలాంటి గదుల్లోనే ఉంటారు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్ళైన ఏడాదే వచ్చింది, ఇరవై ఏళ్ళ కిందట. భర్త కనకయ్యది సాంచాల మీద పని. మరమగ్గాలను వాళ్ళు సాంచాలనే అంటారు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి నిలబడి కనకయ్య చెవులు మొద్దుబారాయి. ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే గల్లీ అంతటికీ తెలిసేది. పద్మారాణి చీరలకు లేసు కుట్టేది. నాలుగు చలికాలాల నుంచి హంసాబెన్ అనే ఓనరమ్మ ఇల్లు ఊడ్చి తుడిచి, వచ్చిపోయే గెస్టుల దుప్పట్లు ఉతికేది.

2020 జనవరిలో నూలు చుట్టిన ఇనుప బీము ఒకటి జారి కనకయ్య ఎడమ కాలి మీద పడింది. చిటికెన వేలు పోయింది. నెల రోజులు ఇంట్లో కూర్చున్నాడు. ఊళ్ళో ఉన్న తల్లి బాలవ్వకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు.

"అవ్వకు జెప్పకు. ఏడ్సి ఏడ్సి పానం మీదికి దెచ్చుకుంటది. ఎండకాలం పోతం గద, అప్పుడు ఎట్లయిన సూస్తది," అన్నాడు.

ఎండాకాలం కంటే ముందే లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత ఊరికి పోవడం పడనే లేదు. ఫోనులో తల్లికి ముఖం చూపించాడు గానీ కాలు చూపించలేదు.

ఆ ఏడు నవంబరులో హంసాబెన్ పద్మారాణిని పిలిచింది. విమానాలు లేవు, గెస్టులు లేరు, సీజను లేదు. మూసిపెట్టిన ఇంట్లో గోడలకు చెమ్మ ఎక్కుతోంది. "మీరొచ్చి ఉండండి. ఆ ఖోలీకి ఎంత ఇస్తున్నారో అంతే ఇవ్వండి. మళ్ళీ సీజను తెరుచుకుంటే మాత్రం నాతో పేచీ పెట్టుకోవద్దు," అని హిందీలో అంది. పద్మారాణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కూతురు కరుణ పన్నెండో తరగతి. ఖోలీలో ఆ పిల్ల ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చుని పాఠాలు వినేది. ఈ ఇంట్లో కిటికీ పక్కన బల్ల ఉంది, కుర్చీ ఉంది, మూసుకోవడానికి తలుపు ఉంది. బల్ల ముందు కూతురు కూర్చున్న మొదటి రోజు పద్మారాణి ఆ తలుపు సందులోంచి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

కనకయ్యకు మాత్రం ఆ ఇల్లు అచ్చిరాలేదు. గెస్టుల కోసం వేసిన పెద్ద మంచం అంచున చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చునేవాడు. పడుకోవడానికి కింద చాపే. అన్నిటికంటే అతన్ని సతాయించింది ఆ ఇంట్లో నిశ్శబ్దం. మూడో అంతస్తు, చుట్టూ తాళాలేసిన ఇళ్ళు, ఒక్క చప్పుడు లేదు. నిద్ర పట్టేది కాదు. జనవరి చలిలో కూడా ఫ్యాను ఐదు మీద పెట్టి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకునేవాడు.

"గిది బందయితే చెవులల్ల కీసు మంటున్నది. ఉండనియ్యి జర," అనేవాడు. సెలవు రోజు వస్తే షేరింగ్ ఆటో ఎక్కి లింబాయత్ పోయి, తాముండిన ఖోలీలోకి ఎవరొచ్చారో చూసి వచ్చేవాడు.

ఏప్రిల్‌లో జ్వరం పట్టుకుంది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. అంబులెన్సు వాళ్ళు ప్లాస్టిక్ బట్టలు వేసుకుని పైకి వచ్చారు. కనకయ్య వాళ్ళను ముట్టుకోనివ్వకుండా తనే లేచి, చెప్పులేసుకుని, తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"ఫ్యాను బంద్ వెట్టకు. మల్లొస్త," అన్నాడు.

ఏడు రోజులు ఆ ఫ్యాను తిరిగింది. ఉగాది ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. పద్మారాణి విన్నది, ఫోను బల్ల మీద పెట్టింది, లేచి వెళ్ళి ఫ్యాను ఆపేసింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు.

శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. తల్లీకూతుళ్ళిద్దరికీ పాజిటివే, తలుపుకు కాగితం అతికించారు, గడప దాటే వీల్లేదు. కనకయ్యతో పనిచేసిన ఆగయ్య శ్మశానం బయట క్యూలో నిలబడి చేయవలసినవన్నీ చేశాడు. బూడిద తాపీలో కలిపాడు. ఆసుపత్రి కాగితాన్ని ఫోటో తీసి కరుణకు పంపాడు. ప్రాణం పోయిన సమయం పొద్దున పది నలభై అని అందులో ఉంది.

ఉగాది నాడు ఊరి నుంచి బాలవ్వ ఫోను చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా అడగవలసింది అడిగింది.

"యాళ్ల సక్కగ జెప్పు బిడ్డా. అయ్యగారిని అడిగించిన. పదకొండున్నర దాక రేవతి ఉన్నదట. అండ్ల వోతె మంచిది గాదు, ఇల్లు ఆర్నెల్లు మూసి, దర్వాజకు కంప గొట్టి, బయటికి వోవాలె. లేకుంటె ఒక్కరితోటి ఆగదట. పదకొండున్నర దాటితె అశ్వని, ఏం దోషం లేదట."

చావు పడిన నక్షత్రం చెడ్డదైతే ఇల్లు విడవాలన్నది వాళ్ళల్లో పెద్దా చిన్నా అందరికీ తెలిసిందే. విడవకపోతే ఆ కప్పు కింద ఉన్నవాళ్ళలో ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు పోతారు. పద్మారాణి నమ్మదా అంటే, నమ్ముతుంది. మనలో చాలామంది కంటే గట్టిగానే నమ్ముతుంది. కానీ ఆర్నెల్లంటే అక్టోబరు. అక్టోబరంటే దసరా. అంటే ఈ ఇల్లు ఇక లేనట్టే. లింబాయత్ ఖోలీలో వేరేవాళ్ళు చేరిపోయారు. కరోనాతో మనిషి పోయిన ఇంటి నుంచి, ఒంట్లో అదే రోగం పెట్టుకుని వచ్చే తల్లీకూతుళ్ళకు సూరత్‌లో ఎవడు తలుపు తీస్తాడు? లోపలి గదిలో కరుణ బల్ల మీద తల పెట్టి ఏడుస్తోంది. ఆ బల్ల వైపు చూస్తూ పద్మారాణి చెప్పింది.

"రెండు గంటలకు, అత్తమ్మా."

అది పూర్తిగా అబద్ధం కాదని ఆమె తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకుంది. ఫోను వచ్చింది రెండు గంటలకే, అప్పటిదాకా తన లెక్కలో ఆయన బతికే ఉన్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఒక్కసారీ మనసు కుదుటపడలేదు.

పదో రోజు ఇంకొక పని ఉంటుంది. పోయిన మనిషి పడుకున్న చోట బియ్యప్పిండి పరిచి, దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లిస్తారు. తెల్లవారి గంప లేపితే పిండిలో ఏదో ఒక గుర్తు కనబడాలి. పిట్ట అడుగో, పశువు డెక్కో, మనిషి పాదమో. వచ్చి చూసి పోయాడని, ఏ జన్మకు పోయాడని అందులో తెలుస్తుంది. బాలవ్వ ఫోనులో అంతా వివరంగా చెప్పింది. పద్మారాణి పిండి డబ్బా పట్టుకుని చాప పరిచే చోట చాలాసేపు నిలబడింది. అడుగు పడితే ఆయన ఈ ఇంట్లో ఉన్నట్టు. మూయవలసిన ఇంట్లో, తను మూయని ఇంట్లో. ఆమెకు చేతులు రాలేదు. పిండి మళ్ళీ డబ్బాలోనే పోసింది. వారం తర్వాత కరుణ అదే పిండితో రొట్టె చేసుకుని తింటుంటే చూడలేక బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

"పిట్ట అడుగు వడ్డది, అత్తమ్మా," అని మాత్రం ఊరికి చెప్పింది.

"పిట్టనా?" అంది బాలవ్వ. ఇంకేదో అనబోయి ఆగినట్టు అనిపించింది. "తియ్యి, ఎగిరిపోయిండు. సల్లగుంటడు."

ఆ తర్వాత ఆరు నెలలు పద్మారాణి ఆ ఇంట్లో రెండో చావు కోసం కాచుకుని బతికింది. కరుణ తుమ్మితే నుదురు పట్టి చూసేది. బాత్రూములో రెండు నిమిషాలు ఆలస్యమైతే తలుపు కొట్టేది. వీటన్నిటికీ తోడు ఆ ఫ్యాను. ఒక్కోసారి తను ఆపి వెళ్ళిన ఫ్యాను వచ్చేసరికి ఐదు మీద తిరుగుతుండేది.

"నువ్వేసినవా?" అని అడిగితే, "నేనే ఏసి ఉంటనమ్మా, యాదికి లేదు," అనేది కరుణ. ఆ యాదికి లేకపోవడమే పద్మారాణిని లోపల్లోపల తినేసింది. ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే నక్షత్రం సంగతి చెప్పాలి, నక్షత్రం చెబితే అబద్ధం సంగతి చెప్పాలి.

సెప్టెంబరు చివర్లో హంసాబెన్ వచ్చింది. రంగులవాణ్ణి వెంటబెట్టుకునే వచ్చింది. "రెండేళ్ళ పెళ్ళిళ్ళు ఒక్కసారే ఉన్నాయి పద్మా. లెస్టర్ వాళ్ళు ఇప్పుడే అడ్వాన్సు పంపారు. దసరాకి ఖాళీ చేసెయ్యండి. పని మాత్రం నువ్వే చెయ్యాలి, వేరేవాళ్ళ చేతికి తాళం ఇవ్వను." గొంతు తగ్గించింది. "ఇక్కడ మనిషి పోయాడని గెస్టుల ముందు అనకు. ఆ మాటకొస్తే పోయింది ఆసుపత్రిలో కదా, ఇక్కడ కాదు కదా."

భేస్తాన్‌లో, మిల్లు పనివాళ్ళ వరస గదుల్లో ఒక గది దొరికింది. సామాను ఆగయ్య టెంపోలోకి ఎక్కించాడు. చివరికి పద్మారాణి ఒక్కతే పైన మిగిలింది. ఇల్లు మారేటప్పుడు పోయినవాళ్ళను కూడా రమ్మని పిలుచుకుంటారు, మాతో రా, ఇక్కడుండకు అని. ఆ ఒక్క మాట అనడానికి ఆమె నోరు తెరిచింది. పిలిస్తే వస్తాడేమో, వచ్చి కరుణ పక్కన నిలబడతాడేమోనని భయం వేసింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఆ ఖాళీ గదిలో వదిలేసి, బయటినుంచి తాళం వేసింది. ఆ తాళం చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు.

నవంబరు ఆఖరి రోజున లెస్టర్ కుటుంబం దిగింది. ఆరుగురు. మనవడి పెళ్ళి. వాళ్ళలో పెద్దది ఇందుబా, ఇంట్లో అందరికీ బా, ఎనభై ఒక్కేళ్ళ ముసలమ్మ, తెల్లచీర, చెవుల్లో వినికిడి మిషన్లు. ఆమెకు ఇచ్చింది కనకయ్య పడుకున్న గదే. రంగులు మారాయి, పరదాలు మారాయి, మంచం మాత్రం అదే. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పద్మారాణి చీపురుతో గదిలోకి వెళ్ళేసరికి ముసలమ్మ రజాయి కప్పుకుని నిద్రపోతోంది, పైన ఫ్యాను ఐదు మీద గిర్రున తిరుగుతోంది. చీపురు కింద పడేసి మెట్ల దాకా పరుగెత్తింది అప్పుడే.

రోజూ అదే తంతు. ఆమె వచ్చి ఫ్యాను ఆపుతుంది, మర్నాటికి మళ్ళీ ఐదు. ఎవరినీ అడగలేదు. ఎవరు వేస్తున్నారో ఆమెకు తెలుసనే అనుకుంది. పెళ్ళైంది. కొత్తకోడలు మెహందీ చేతులతో ఆ గదిలోకి వచ్చి ముసలమ్మ పక్కన కూర్చుంటే, లేచి బయటికి పోవమ్మా అని అరవాలనిపించేది. ఏ పాపం ఎరుగని మనుషులు ఇంత కిరాయి పోసి, కంప కొట్టవలసిన ఇంట్లో నవ్వుకుంటూ తిరుగుతున్నారు. తన బిడ్డకు ఏమీ కాలేదంటే అర్థం ఏమిటి? ఆ వంతు వీళ్ళ కోసం ఆగి ఉందనే కదా.

పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయారు. ఇందుబా మాత్రం ఉత్తరాయణ్ దాకా ఉంటానని ఆగింది. పగలంతా చూసుకునే బాధ్యత పద్మారాణిది. జనవరి మొదటి వారంలో ముసలమ్మకు జ్వరం తగిలింది, దగ్గు పట్టుకుంది. ఊళ్ళో మళ్ళీ కొత్తరకం కరోనా అని గోల. డాక్టరు వచ్చి ముక్కులో పుల్ల పెట్టి చూసి, అది కాదు, మామూలు జ్వరమే అని మాత్రలిచ్చి పోయాడు. పద్మారాణి ఆ మాట వినిపించుకోనే లేదు. తడిగుడ్డ పట్టుకుని మంచం పక్కన కూర్చుంది, ఇక ఆపుకోలేకపోయింది.

"బా, మీరు ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోండి. మీ అబ్బాయికి ఫోను చెయ్యండి. ఇవాళే వెళ్ళండి," అంది హిందీలో.

ముసలమ్మ కళ్ళు తెరిచింది. పద్మారాణి అంతా చెప్పేసింది. చాప, ఆసుపత్రి, పది నలభై, రెండు గంటలు, పిండి డబ్బా. చెబుతుంటే పని పోతుందన్న భయం కూడా కలగలేదు. ఇందుబా వినికిడి మిషను సర్దుకుని చివరిదాకా విన్నది.

"పంచక్," అంది. "ఆ చెడ్డ నక్షత్రాల లెక్క మాకూ ఉంది. పంచక్‌లో పోతే ఐదు పిండిబొమ్మలు చేసి శవంతో పాటు కాలుస్తాం, ఇంకెవరినీ తీసుకుపోకుండా. మా ఆయన కూడా పోయిన చలికాలమే పోయాడు. ఆసుపత్రిలో. నేను టాబ్లెట్ తెర మీద చూశాను. నక్షత్రం ఎవరు చూశారు, బొమ్మలు ఎవరు చేశారు?" రజాయి మెడ దాకా లాక్కుంది. "నీ భయం ఏమిటి? నేను పోతాననా?"

"అవును బా."

ముసలమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఎనభై ఒకటి వచ్చాక నక్షత్రంతో పనేముంది, బేటా."

"నవ్వకండి బా. ఆయన ఈ గదిలోనే ఉన్నాడు. రోజూ ఫ్యాను వేస్తున్నాడు. చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు."

"ఫ్యాను వేసేది నేను," అంది ఇందుబా.

పద్మారాణి ఆమె ముఖం వైపు చూసింది.

"లెస్టర్‌లో మా ఇద్దరికీ అల్లిక మిల్లులో పని. ముప్పై ఏళ్ళు మిషన్ల ముందు నిలబడ్డాం. ఈ చెవులు అక్కడే పోయాయి. చెవుల్లో మిషన్లు తీసేసి పడుకుంటే లోపలంతా ఒకటే హోరు. గాలి కొంచెం ఆడుతుంటే నయం. నువ్వు ఆపుతావు, నేను వేస్తాను. నీకు కరెంటు పొదుపు అనుకున్నాను."

గుండెల మీంచి బరువు దిగాలి కదా. దిగలేదు. ఇన్నాళ్ళూ ఏ మనిషికి భయపడి చచ్చిందో ఆ మనిషి ఉన్నట్టుండి మాయమైపోయాడు. పద్మారాణికి ఏడుపు కూడా రాలేదు.

"ఆ పిండి ఇప్పుడు పొయ్యకూడదా?" అని అడిగింది ఇందుబా. "నాకోసం కూడా ఇంకొకటి పొయ్యి. మా ఆయన సూరత్‌లోనే పుట్టాడు, దారి తెలుసు."

పదో రోజు చేయవలసింది తొమ్మిదో నెలలో చేస్తే చెల్లుతుందో లేదో చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు. పద్మారాణి దీపాలవేళకు స్నానం చేసి, చాప పరిచే చోట పిండి సన్నగా పరిచింది. కిటికీ కింద ఇంకొకటి. రెండు దీపాలు పెట్టింది. గంపలు లేవు, ఒకదాని మీద బట్టల బుట్ట, ఒకదాని మీద ఇత్తడి తపేలా బోర్లించింది. ముసలమ్మకు జ్వరం కదా అని ఆ రాత్రి అక్కడే, హాల్లో పడుకుంది. పడుకునే ముందు ఆమె జీవితంలో మొదటిసారి భర్తను పేరు పెట్టి పిలిచింది, లోపలే, పెదవులు కదపకుండా. రా అంది. ఏమన్నా కానీ, రా.

తెల్లవారింది. ఇందుబా గోడ పట్టుకుని లేచి వచ్చింది. ముందు తపేలా లేపారు. పిండి పరిచింది పరిచినట్టే ఉంది.

"లెస్టర్‌లోనే ఉండిపోయాడు," అంది ముసలమ్మ. "చలి అంటే ఎప్పుడూ తిట్టేవాడు, అయినా అక్కడే ఉండిపోయాడు."

బుట్ట లేపింది పద్మారాణి. వేలి గుర్తు లేదు, గీత లేదు, చీమ నడిచిన జాడ లేదు. ఆమె వంగి ఒక పక్కనుంచి చూసింది, ఇంకో పక్కనుంచి చూసింది. అప్పుడు కూలబడిపోయింది. ఆయన రాలేదు. తొమ్మిది నెలలు ఎవరున్నారని వణికిందో ఆ గదిలో ఎవరూ లేరు. ఐదు నెలలు చుట్టంలా ఉండి లేచిపోయిన మనిషికి అది ఇల్లు ఎలా అవుతుంది? ఆ ఇల్లు నిలుపుకోవడానికే కదా తను అంత అబద్ధం ఆడింది. ఇందుబా ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఏడ్చినంతసేపు ఏడవనిచ్చింది.

ఎండ వచ్చాక పద్మారాణి బాల్కనీలోకి వెళ్ళి ఊరికి ఫోను చేసింది. పలకరింపులేమీ పెట్టుకోలేదు.

"అత్తమ్మా, నీకు రెండు అబద్ధాలు జెప్పిన. యాళ్ల రెండు గంటలు గాదు, పొద్దుగాల పది నలభై. ఇల్లు వోతదని అట్ల జెప్పిన. పిండి సుత అప్పుడు వొయ్యలే. పిట్ట లేదు, ఏం లేదు."

తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది.

"పిట్ట లేదా?" అంది బాలవ్వ.

"లేదు. రాత్రి వోసి ఇప్పుడే సూసిన. ఉత్తదే. ఆయన ఈడికి రానే లేదు, అత్తమ్మా."

"మరి గా అడుగు ఎవలదే?"

"ఏ అడుగు?"

"నేను సుత వోసిన బిడ్డా. పుట్టిన ఇల్లు గద, ఇటొస్తడేమో అని దర్వాజ కాడ వోసి గంప బోర్లిచ్చిన. పొద్దుగాల సూస్తె మనిషి పాదం. ఎడమ కాలు. నువ్వేమో ఆడ పిట్ట అడుగంటివి. ఒక్క జీవుడు రెండు తాన్లకు ఎట్లొస్తడు? మల్ల వంగి సూస్తె నాలుగే వేళ్లున్నయ్. చిటికెన వేలు వడలే. నా కొడుక్కు ఐదు వేళ్లు సక్కగుండె. ఇది వాంది గాదు, నా కండ్లు సక్కగ కనవడయ్, పిండి ఎగుడుదిగుడు వడి అట్ల కొడుతుందనుకొని ఊడ్సి బయట వారవోసిన."

పద్మారాణి బాల్కనీ కడ్డీ పట్టుకుంది. కింద తాపీ మీద అప్పుడే ఎవరో మొదటి గాలిపటం ఎగరేస్తున్నారు. ఇక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ ముసలి తల్లికి ఏమీ తెలియదు, మిగిలిన రోజులు కొడుకు ఎక్కడో చల్లగా ఉన్నాడనుకుంటూ వెళ్ళదీస్తుంది. కానీ ఆయన ఒకటి దాచి, తను ఇంకొకటి దాచి, ఇంతదాకా తెచ్చారు.

చెప్పింది. బీము జారిన సంగతి, ఆసుపత్రిలో కుట్లు, అవ్వకు చెప్పకు అన్న మాట, ఫోనులో ముఖమే చూపించిన సంగతి.

"ఏ కాలుదే?" అని అడిగింది బాలవ్వ.

"ఎడమది, అత్తమ్మా."

"అంత దూరంకెల్లి వచ్చిండు," అంది బాలవ్వ. "దర్వాజ దాక వచ్చిండు. నా చేతులతోటి ఊడ్సిన గదనే పద్మా."